ఆకుపచ్చ కారు వెనక నా ఒకే ఒక్క రేసు

కార్ల రేసు అనేదాన్ని నేను మొదటిసారి చూసింది తొంభైల్లో, నారాయణఖేడ్ బస్టాండు ఎదురుగా ఉండే చాయ్ హోటల్లోని టీవీలో. నేలకు కరుచుకుని ఉన్న కార్లు. ఒక్క మనిషికే సీటు. పైన కప్పు లేదు, వెనక డిక్కీ లేదు, హారను లేదు, ఎంత వెతికినా తలుపు కూడా కనబడలేదు. అవి అదే దారిలో యాభై అరవై చుట్లు తిరిగి, చివరికి ఎక్కడ బయల్దేరాయో అక్కడికే వచ్చి ఆగాయి. గెలిచినవాడు ఏదో సీసా ఊపి అందరి మీదా చిమ్మాడు. ఇంతకీ వీళ్ళు ఎవర్ని ఎక్కించుకున్నారు, ఎక్కడ దింపారు అని నేను గట్టిగానే అడిగాను.  కంగ్టి దాకా పోయే మా ఊరి బస్సు ట్రిప్పుకు వందమందిని, రెండు మేకల్ని, ఒక పెళ్ళి బీరువాను చేరవేసేది. దాని డ్రైవరుకు ఎవడూ దండ వెయ్యలేదు.

ఇట్లా అనే హక్కు నాకుంది. నా బతుకులో సగం బండ్ల కిందే గడిచింది. బస్టాండు వెనక సందులో ఒక మోటారు షెడ్డు ఉండేది. దాని యజమానిని అందరం ఉస్తాద్ అనేవాళ్ళం. ఆయన దగ్గర పద్దెనిమిదో ఏట చేరి, నడుము పట్టేసేదాకా అక్కడే పనిచేశాను. లోకమంతా బండిని పైనుంచి చూసి ముచ్చటపడుతుంది. నేను కిందినుంచి చూస్తాను. కిందినుంచి చూస్తే ఏ బండీ అందంగా ఉండదు.

స్కూటరునే తీసుకోండి. ఇంజనంతా ఒక్క పక్కనే పెట్టాడు మహానుభావుడు. పదేళ్ళు నడిపినవాడు దిగి నడిచినా ఒక పక్కకే ఒరిగి నడుస్తాడు. పెట్రోలు ఎక్కువైతే దాన్ని నేల మీద పక్కకు పడుకోబెట్టాలి, లేపాలి, తన్నాలి, బతిమాలాలి. జీపు సంగతి చెప్పనే అక్కర్లేదు, మనిషికి నడుము ఉంటుందన్న సంగతి దాన్ని చేసినవాడికి ఎవరూ చెప్పినట్టు లేదు. మూడు చక్రాల బండి చూస్తే నాలుగో చక్రం కొనేలోపే దుకాణం మూసేశారేమో అనిపిస్తుంది. లారీకి అన్నీ ఉంటాయి గానీ, వెనక ఏముందో చూసే అద్దంలో డ్రైవరు మీసం తప్ప ఇంకేమీ కనబడదు. వీటన్నిటినీ గీసినవాళ్ళు పెద్ద చదువులు చదువుకున్నవాళ్ళట. ఒక్క నట్టు విప్పడానికి మూడు సామాన్లు ఊడదీయాల్సి వచ్చినప్పుడల్లా నేను వాళ్ళ చదువును తలుచుకునేవాణ్ణి, నోటికొచ్చినట్టు.

నేను ఓర్వలేక అంటున్నానని మా ఆవిడ ఎప్పుడూ అనేది. ఓర్వలేకే అన్నాను. ఇప్పుడు దాచుకుని ఏం లాభం? ఇన్ని బండ్లకు ప్రాణం పోసినవాణ్ణి, నాకంటూ ఉన్నది ఒక సైకిలు. ఆ సైకిలు గురించి మాత్రం నేనెప్పుడూ ఒక్క మాట అనలేదు.

ఆ ఓర్వలేనితనం ఎంతదాకా పోయిందో చెప్పాలంటే మా షడ్డకుడి సంగతి చెప్పాలి. షడ్డకుడంటే నా భార్య చెల్లెలి మొగుడు. నాకంటే ఆరేళ్ళు చిన్న. ఖేడ్‌లోనే విత్తనాలు, ఎరువుల దుకాణం. మనిషి మంచివాడు, అదే నా బాధ. చెడ్డవాడైతే తిట్టుకుని సుఖంగా ఉండేవాణ్ణి. నన్ను అన్నా అని నోరారా పిలిచేవాడు. పండుగకు ఇంటికి పళ్ళు పంపేవాడు. పళ్ళు తింటూ కూడా నాకు కడుపు మండేది.

మా అత్తగారి ఊరు నాగల్‌గిద్ద దాటి రెండు మైళ్ళు. సగం మాటలు తెలుగు, సగం కన్నడం. పెళ్ళైన కొత్తలో అక్కడ బావుల మీద నీళ్ళు తోడే డీజిలింజన్లు ఆగిపోతే నేనే వెళ్ళి బాగుచేసేవాణ్ణి. పానా చేత్తో పట్టుకుని వీధిలో నడుస్తుంటే, అరుగుల మీద కూర్చున్నవాళ్ళు లేచి మోటారు అల్లుడు వచ్చిండు అనేవాళ్ళు. పట్టుపంచెలు కట్టుకున్న అల్లుళ్ళు చాలామందే ఉన్నారు గానీ, మోటారు అల్లుడు మాత్రం నేనొక్కణ్ణే. మామ కూడా కొత్తవాళ్ళకు నన్ను ఆ పేరుతోనే చూపించేవాడు. చెప్పుకోవడానికి సిగ్గేగానీ, ఆ మాట వినడానికే నేను కారణం లేకుండా ఆ ఊరికి పోయివచ్చిన రోజులున్నాయి.

ఎనభైల చివర ఒక రోజు మా షడ్డకుడు బీదరు వెళ్ళి, ఎవరో వాడి వదిలేసిన పాత కారు కొనుక్కొచ్చాడు. ఆకుపచ్చ రంగు. తిన్నగా షెడ్డు ముందుకు తెచ్చి ఆపి, అన్నా ఎట్లుంది అన్నాడు. నా అరికాలి మంట నెత్తికెక్కింది.

ఎట్లుందో నేను ఆ రోజు నుంచి మా ఇంట్లో రోజూ చెప్పాను. దాని ముందు తలుపులు వెనక్కి తెరుచుకుంటాయి, దిగేవాడు ముందు తన పిరుదుల్ని లోకానికి చూపించి తర్వాత మొహం చూపిస్తాడు. గేరు కట్టె స్టీరింగు పక్కన మొలిచింది, రెండో గేరు వెతుక్కుంటుంటే పక్కవాడి మోకాలు దొరుకుతుంది. వైపరు ఒక్కటే, అదీ ఎడమవైపు. అంటే వాన పడితే పక్కన కూర్చున్నవాడు దారి చూసి డ్రైవరుకు చెప్పాలి. ఇక హ్యాండ్ బ్రేకు! దాన్ని డ్రైవరు చేతికి కాక, పక్కసీటువాళ్ళ మోకాళ్ళ ముందు, గొడుగు పిడిలా వంకరగా వేలాడదీశాడు. అమ్మినవాడు చెప్పలేదు, కొన్నవాడు అడగలేదు. మా షడ్డకుడు దాన్ని సంచి తగిలించుకునే కొక్కెం అనుకున్నాడు. మా మరదలు రోజూ దానికి కూరగాయల సంచి తగిలించేది. నేను చూశాను, చెప్పలేదు. ఇంటికి వచ్చి మా ఆవిడకు చెప్పి కడుపారా నవ్వుకున్నాను.

ఆమె నవ్వలేదు. "గా బండికి ఎన్ని వంకలున్నా, నడుస్తుంది గదా," అంది.

నడుస్తుంది. నిజం. నడిచి తిన్నగా మా అత్తగారి ఊళ్ళోకే పోయింది. ఆ తర్వాత నేను ఆ ఊరికి వెళ్ళినప్పుడు అరుగు మీది ముసలాయన ఒకడు నన్ను ఎగాదిగా చూసి, నువ్వు పెద్దల్లుడివి గదా, మోటారు అల్లుడు రాలేదా అని అడిగాడు. ఆ రోజు అత్త చేసిన పూర్ణం భక్షాలు ముట్టకుండానే తిరుగు బస్సెక్కాను. మా ఆరేళ్ళ కూతురు కూడా బాబాయి కారు, బాబాయి కారు అని పాటలా పాడేది. దాన్ని సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని బజారంతా తిప్పినా ఆ పాట ఆగలేదు.

ఆ ఊళ్ళో ఏరువాక పున్నమికి ఒక ఆచారం ఉంది. ఊరి మొగదల రెండు కర్రలు పాతి, పుంటినారతో, అదే గోగునారతో, పేనిన తాడుకు వేపమండలు కట్టి, అడ్డంగా కడతారు. సాయంత్రం ఎడ్లకు కొమ్ములు రంగులేసి, గజ్జెలు కట్టి, వాగు దిక్కు నుంచి ఒక్కసారిగా ఉరికిస్తారు. ముందు ఏ ఎద్దు వచ్చి ఆ తాడు తెంపితే దాని రంగును బట్టి ఆ ఏడు పంట. తెల్లదైతే జొన్న, ఎర్రదైతే కందులు, నల్లదైతే మినుములు. మా మామ తెల్ల ఎద్దు మూడేళ్ళు వరసగా తెంపింది. ఏది తెంపినా చివర్లో మాట చెప్పేది మామే, ఊళ్ళో పెద్దవాడు కాబట్టి.

ఆ ఏడు పున్నమికి ముందురోజు మధ్యాహ్నం షడ్డకుడు కారు తీసుకుని షెడ్డుకు వచ్చాడు. ఉస్తాద్ సామాన్ల కోసం బీదరు పోయాడు, నేనొక్కణ్ణే ఉన్నాను.

"అన్నా, బ్రేకు జర మెత్తగనిపిస్తుంది. ఒక్కపారి చూడు," అన్నాడు.

ఎక్కి తొక్కి చూశాను. పెడలు కాలి కింద మెల్లగా దిగుతూ పోయింది. రెండోసారి తొక్కితే ఆగింది. కిందికి దూరి చూస్తే వెనక ఎడమ చక్రం లోపలివైపు తడితడిగా ఉంది. వేలితో తుడిచి వాసన చూశాను, బ్రేకు ఆయిలే. లోపల రబ్బరు వాషరు పోయింది. పది రోజులు ఆగొచ్చు, పదిసార్లు తొక్కితే పోవచ్చు. వాషరు మార్చడానికి గంట పని. మార్చడానికి వాషరు కూడా షెడ్డులోనే ఉంది.

నేను కింద ఉండగానే అతను పైన నిలబడి ముచ్చట్లు చెబుతున్నాడు. రేపు కారు ఊళ్ళోకి తీసుకురమ్మని మామ కబురు పెట్టాడట. మోటారు అల్లుడు వస్తుండని అప్పుడే ఊరంతా చెప్పుకున్నాడట. అతను అది గొప్పకు అనలేదు. నవ్వుతూ, ఏదో తమాషా చెబుతున్నట్టే అన్నాడు. ఆ పేరు ఒకప్పుడు నాదని అతనికి తెలియనే తెలియదు. కారు కింద వెల్లకిలా పడుకుని నేను ఆ మాట విన్నాను. 

బయటికి వచ్చి, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, "ఏం లేదు తమ్మీ. మంచిగనే ఉంది, పో," అన్నాను.

మా షెడ్డులో ఒక పద్ధతి ఉంది. ఏ బండినైనా ఠీక్ అన్నవాడే ముందు అందులో కూర్చుని, బస్టాండు దాకా పోయి రావాలి. ఉస్తాద్ ఈ విషయంలో ఎవర్నీ వదిలేవాడు కాదు, పండుగైనా పెళ్ళైనా. ఆ రోజు ఉస్తాద్ లేడు. షడ్డకుడే, కూసో అన్నా ఒక చక్కర్ కొడదాం అన్నాడు. పనుందని చెప్పి నేను ఎక్కలేదు.

నా మనసులో ఉన్నది ఇదీ: ఊరు దాటకముందే పెడలు పూర్తిగా దిగిపోతుంది, బస్టాండు ముందు పదిమందిలో ఏ చాయ్ బండికో ఆనుకుని ఆగుతుంది, పదిమందీ నవ్వుతారు, పున్నమికి మామ ఊరికి మోటారూ ఉండదు, మోటారు అల్లుడూ ఉండడు. అంతే. అందులో మరదలు కూర్చుంటుందని నాకు తెలియదా? తెలుసు. ఆ ఆలోచనను పక్కకు నెట్టేశాను, అంతే.

సాయంత్రం ఇంట్లో మా ఆవిడ అడిగింది, మరిది ఎందుకొచ్చిండు అని. బండి చూపించడానికి అన్నాను. ఎట్లుంది మరి అంది. మంచిగనే ఉంది అన్నాను. ఆమె ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, మళ్ళీ బట్టలు సర్దుకోవడంలో పడింది. పొద్దున్నే బిడ్డను తీసుకుని బస్సులో ఊరికి పోవాలని అనుకుంది. నేను చేతిలో ఉన్న ఒక స్కూటరు పని ముగించి సాయంత్రానికి చేరుకుంటానన్నాను.

మర్నాడు స్కూటరు సైలెన్సరు విప్పి బల్ల మీద పెట్టి మసి గీకుతున్నాను. కారు ఇంకా బస్టాండు ముందు ఎందుకు ఆగలేదా అని మధ్యమధ్యలో సందు చివరికి వెళ్ళి తొంగి చూస్తున్నాను కూడా. మధ్యాహ్నం దాటాక చాయ్ హోటలతను గ్లాసు పెట్టి పోతూ ఒక మాట అన్నాడు. బస్సుల్లో కాలు పెట్టే జాగా లేక మీ ఇంటోళ్ళు పొద్దటి నుంచి బస్టాండు లోపల్నే నిలబడ్డరు, ఇగ ఇప్పుడే మీ షడ్డకుడు కారులో ఎక్కించుకపోయిండు అని. బిడ్డ ముందు కూసుంటనని ఏడ్చిందట, వెనక కూర్చోబెట్టారట.

పై ప్రాణాలు పైనే పోయాయి నాకు. మా అత్తగారి ఊళ్ళోకి దిగే దారి మంచి ఏటవాలు. పైనుంచి బ్రేకు మీద కాలు పెట్టే దిగాలి. దాని చివర తాడు, తాడుకు అటుపక్క జనం.

చేతికి దొరికిన పానా, బ్రేకు ఆయిలు సీసా స్కూటరు డిక్కీలో పడేసి బయల్దేరాను. సైలెన్సరు బల్ల మీదే ఉండిపోయింది. సైలెన్సరు లేని స్కూటరు ఎట్లా అరుస్తుందో విన్నవాళ్ళకు తెలుసు. బజారులో మేకలు దుకాణాల్లోకి దూరాయి. ఊళ్ళు దాటుతుంటే ఆడవాళ్ళు పిల్లల్ని లోపలికి లాక్కున్నారు, మగవాళ్ళు బయటికి వచ్చి నిలబడ్డారు. ఒక ఊళ్ళో కుర్రాళ్ళు చప్పట్లు కొట్టారు. తర్వాతెప్పుడో టీవీలో రేసు చూసిన రోజున అందరూ ఆ డ్రైవర్ల గుండె ధైర్యాన్ని మెచ్చుకుంటుంటే నాకు నవ్వొచ్చింది. వాళ్ళ ముందు పోయే కారులో వాళ్ళ పెళ్ళాం బిడ్డలు లేరు.

ఆ కారు ఎక్కడైనా ఆగుతుందని నా ఆశ. ఆగింది కూడా, దారి పొడుగునా. నాలుగు చోట్ల ఆపి, దిగి, తెలిసినవాళ్ళను పలకరించాడట. నేను చేరేసరికి ప్రతిచోటా, ఇప్పుడే పోయిండు అన్న మాటే మిగిలింది. నాగల్‌గిద్ద దాటాక కనబడింది, ముందు ఎర్రటి దుమ్ము, దుమ్ములో ఆకుపచ్చ. హారను కొట్టాను. నా ఇంజను మోతలో నా హారను నాకే వినబడలేదు.

అతనికి మాత్రం అద్దంలో ఒక స్కూటరు వెంటపడి వస్తున్నట్టు కనబడిందట. ఎవడో పోటీకి వస్తున్నాడనుకున్నాడట. నేను మనిషినని గానీ, ఆ మనిషి నేనని గానీ ఆ అద్దంలో తెలియదు, అదొక దిక్కుమాలిన అద్దం. ఎన్నడూ లేనిది మా షడ్డకుడికి ఆ రోజే పౌరుషం పుట్టింది, గట్టిగా తొక్కాడు. ఆపడానికి వచ్చిన నేనే ఆ కారును పరుగెత్తించాను. వెనక అద్దంలోంచి నా కూతురు నన్ను గుర్తుపట్టి రెండు చేతులూ ఊపింది. నాన్న ఆడుకుంటున్నాడనుకుంది.

ఏటవాలు మొదలయ్యే చోట నేను ఇంజను ఆపేశాను, గొంతు వినబడాలని. స్కూటరు దిగుడులో దానంతట అదే జారి కారు పక్కకు వచ్చింది. కిటికీలోంచి అతని మొహం చూశాను. కాలితో టపటపా తొక్కుతున్నాడు, పెడలు పైకి రావడం లేదు. 

"హ్యాండ్ బ్రేకు గుంజు!" అని అరిచాను.

ఏంది అన్నట్టు చూశాడు. అతనికి ఆ పేరే తెలియదు. ఆ మాట నేను ఇన్నాళ్ళూ చెప్పకుండా నవ్వుకున్నాను కదా.

"సంచి! గా సంచి గుంజు!" అన్నాను ముందుసీట్లో ఉన్న మరదల్ని చూసి.

ఆమెకు వినబడింది. వెంటనే సంచి కొక్కెం నుంచి తీసి, రెండు చేతులా గుండెలకు హత్తుకుని కూర్చుంది. పుట్టింటికి తీసుకుపోతున్న మిఠాయి ఉంది అందులో. నేను దాని గురించే అంత ఇదైపోయి అరుస్తున్నాననుకుంది. కారు నన్ను దాటి ముందుకు పోయింది.

అప్పటికే వాగు దిక్కు నుంచి ఎడ్లను వదిలారు. గజ్జెల మోత, డప్పులు, జనం కేకలు. అన్నిటికంటే ముందు మా మామ తెల్ల ఎద్దు. అది తాడుకు పది బారల దూరంలో ఉండగా ఏటవాలు దారిలోంచి ఆకుపచ్చ కారు దూసుకొచ్చింది. పగ్గాలు పట్టుకున్నవాళ్ళు ఎడ్లను పక్కకు గుంజారు, జనం చెల్లాచెదురయ్యారు. కారు తాడును తెంపుకుని, ముందు అద్దం మీద వేపమండలతో, దారి దిగి, కొత్తగా దున్నిన రేగడి చేలో పడింది. రెండు రోజుల కిందటి వానకు ఆ చేను నానిపోయి ఉంది. చక్రాలు సగానికి దిగబడ్డాయి, కారు ఆగింది.

నేను స్కూటరు ఎక్కడ పడేశానో గుర్తులేదు. మోకాలి లోతు బురదలో పరుగెత్తాను. వెనక తలుపు తెరిచేసరికి నా కూతురు, నాన్నా మళ్ళా ఒకసారి అంది. మా ఆవిడ దానిని గట్టిగా పొదివి పట్టుకుని ఉంది. నుదుటి మీద చిన్న బొప్పి తప్ప ఆమెకు ఏమీ కాలేదు. ఎవరికీ ఏమీ కాలేదు. చేలో అట్లాగే చతికిలబడ్డాను.

డప్పులు ఆగిపోయాయి. అంతలో గుంపులోంచి ఎవరో, "హసిరు బంతు!" అని కన్నడంలో కేకేశాడు, ఆకుపచ్చ వచ్చింది అని. ఇంకేముంది, డప్పులు మళ్ళీ మొదలయ్యాయి. తాడు తెంపింది ఆకుపచ్చది, దానికి ఏ పంట అని అందరూ మామ మొహం చూశారు. మామ ఎద్దు మూడేళ్ళ పేరు ఆ కారు మన్ను చేసింది, ఆయన తిడతాడని నేను నిజంగానే ఎదురుచూశాను. ఆయన తలపాగా సర్దుకుని, కాసేపు కారు వైపు చూసి, పెసర్లు అన్నాడు. ఎద్దు కోసం అల్లిన దండ తెచ్చి కారుకు వేశారు. ముందు రేకు మీద పసుపు కుంకుమ పూశారు. షడ్డకుణ్ణి భుజాల మీదికి ఎత్తారు.

ఆ క్షణంలో నాకు ఏమనిపించిందో చెబితే నన్ను మనిషి కింద లెక్కపెట్టరు. నా పెళ్ళాం, నా బిడ్డ బతికి నా పక్కనే ఉన్నారు, భూమికి దండం పెట్టాల్సిన సమయం. నాకు మాత్రం ఆ దండ చూసి కడుపు మండింది. ఆ ఏడు ఊరు ఊరంతా పెసర్లే వేసింది, విత్తనాలన్నీ అతని దుకాణం నుంచే పోయాయి. పంట బాగానే వచ్చింది. అది నాకు ఇంకో బాధ.

మామ తెల్ల ఎడ్లను కట్టి కారును దారి మీదికి లాగారు. అప్పుడు అందరికీ నేను గుర్తొచ్చాను. స్కూటరు డిక్కీలోంచి పానా, సీసా తీసి కారు కిందికి దూరాను. ఊళ్ళో వాషరు ఎక్కడిది? ఆ ఒక్క చక్రానికి పోయే సన్నటి గొట్టాన్ని మడిచి, నలగ్గొట్టి మూసేస్తే మిగతా మూడు చక్రాలకు బ్రేకు పడుతుంది. ఖేడ్ చేరడానికి అది చాలు. పని చేస్తుంటే షడ్డకుడు గొంతుక్కూర్చుని పైనున్న జనానికి నన్ను చూపిస్తున్నాడు. "చూసిండ్రా, బ్రేకు ఆయిలు సుత తెచ్చుకున్నడు. మా అన్న ముందుచూపే ముందుచూపు," అన్నాడు. తర్వాత తల వంచి నాతో మెల్లగా, "నువ్వు నిన్న చూసి మంచిగుందన్నవు గాబట్టే వదినను, బిడ్డను ధైర్యంగ ఎక్కించుకున్న అన్నా. నువ్వు చూడకుంటే ఎక్కించుకుందునా?" అన్నాడు. ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే నేను బతికిపోయేవాణ్ణి.

జనమంతా అతన్ని తీసుకుని ఊళ్ళోకి కదిలారు. డప్పులు దూరమయ్యాయి. కాసేపటికి కారు పక్కన రెండు పాదాలు వచ్చి నిలబడ్డాయి. బురద ఎండిన పాదాలు, వేళ్ళకు మట్టెలు. మా ఆవిడ వంగలేదు, కూర్చోలేదు. నిలబడే మాట్లాడింది, పక్కవాళ్ళకు వినబడనంత మెల్లగా.

"రోజూ గా బండికి వంద వంకలు పెట్టేటోనివి. నిన్న ఒక్కనాడు మంచిగుందన్నవు. అప్పుడే నాకు ఎరుక కావాల్సింది," అంది.

నేను బిగించిన నట్టునే మళ్ళీ బిగించాను.  

"ఎవ్వరికీ చెప్ప. నా చెల్లెకు అసలే చెప్ప," అంది ఆమె. పోబోతూ, "లేచి రా. బువ్వకు నీ కోసమే చూస్తుండ్రు," అంది.

ఆ పాదాలు మళ్ళీ ఊరి వైపు వెళ్ళాయి. గొట్టం నొక్కడం ఎప్పుడో అయిపోయింది, ఆయిలు పోయడం కూడా అయిపోయింది. అయినా నేను చాలాసేపు ఆ కారు కిందే పడుకుని ఉన్నాను.